బందరు నుంచి బుడమేరు దాకా: మీకు తెలుసా?

దేశ భద్రత అనగానే సరిహద్దు కంచె, కాపలా కాసే జవాను కళ్లముందు మెదులుతారు. కృష్ణా ముఖద్వారం దగ్గరి దివిసీమ వాళ్లనడగండి, ముందు సముద్రాన్ని ఆపే కరకట్ట చూపిస్తారు.

● 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడ్డ ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. మళ్లీ 113 ఏళ్లకు, 1977 నవంబరు 19న, అదే తీరంలో దాదాపు మూడు నిలువుల ఎత్తున సముద్రం లేచింది. సొర్లగొంది, నాగాయలంక, కోడూరు పరిసరాల్లో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కే దాదాపు 10,000 మంది. నేటికీ అవనిగడ్డ వైపు ‘ఉప్పెన’ అంటే చాలు, ఏ సంవత్సరమని ఎవరూ అడగరు.

● 1990 మేలో అంతటి తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి పోయినవారు వెయ్యిలోపే. ముందుగానే లక్షన్నర మందికి పైగా జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించారు. పదమూడేళ్లలో సముద్రం మెత్తబడలేదు. ముందస్తు హెచ్చరిక సమయానికి ఊరికి చేరింది, పెద్ద తేడా అదే.

● భూమి మీద పెరిగిన అదనపు వేడిలో తొంభై శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. బంగాళాఖాతానికి ఇంకో లక్షణం ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటాయి. అడుగునున్న చల్లని నీరు పైకి రావడానికి ఆ పొర అడ్డు. అందుకే పైనీరు వెచ్చగానే ఉండిపోతుంది, తుపానుకు కావలసిన మేత అదే.

● వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, కరిగిన మంచు వచ్చి చేరుతుంది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సముద్రమట్టం 20 సెంటీమీటర్లు, అంటే దాదాపు జానెడు పెరిగింది. జానెడే కదా అనిపిస్తుంది. కానీ ఉప్పెన ఇప్పుడు ఆ జానెడు మీద నిలబడి లేస్తుంది. వాటం లేని డెల్టాలో మురుగు కాలువల నీరు కడలిలోకి దిగాలన్నా ఆ జానెడే అడ్డు.

● డెల్టా అంటే నది పోసిన ఒండ్రు. ఆ మట్టి తన బరువుకు తనే కుంగుతూ ఉంటుంది, ఏటా కొత్త ఒండ్రు పడితేనే నేల మట్టం నిలుస్తుంది. 1960ల చివర్లో కృష్ణ ఏడాదికి 90 లక్షల టన్నుల ఒండ్రు కిందికి తెచ్చేది. 2000–2005 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. మిగతాదాంట్లో చాలావరకు ఎగువ జలాశయాల అడుగున ఉంది. నాగార్జునసాగర్, శ్రీశైలం మనకు అన్నం పెట్టాయి, కాదనలేం. కానీ అటు సముద్రం పెరుగుతుంటే ఇటు నేల దిగుతోంది. నన్నడిగితే ఈ తీరం భవిష్యత్తుకు ఇంతకంటే పెద్ద ప్రశ్న లేదు. దీని గురించి మనం మాట్లాడుకునేది మాత్రం చాలా తక్కువ.

● నదిలో పైనుంచి నీరు రాకపోతే పోటు సమయంలో ఉప్పునీరు ఏటికి ఎదురెక్కుతుంది. శివారు భూములు చౌడుబారతాయి, బోరు నీళ్లు నోట పెట్టలేం. విజయవాడ దగ్గర 1850ల్లో కట్టిన ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ పన్నెండు లక్షలకు పైగా ఎకరాలకు నీరిస్తోందంటే, ఇది కోడూరు రైతు ఒక్కడి బాధ కాదని తెలుస్తుంది. రాష్ట్రం తినే బియ్యం సంగతి ఇది.

● సముద్రం మాకు దూరమనుకునే విజయవాడ 2024 సెప్టెంబరు 1న ఆ మాట మరిచిపోయింది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం కుమ్మరించిన వానలకు బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. బుడమేరు వాగు గట్టు తెగి నగరంలోని సింగ్‌నగర్ మునిగింది. హెలికాప్టర్లు అన్నం పొట్లాలు జారవిడిచాయి, గండ్లు పూడ్చడానికి సైన్యం దిగింది. బుడమేరు కొల్లేరు సరస్సులో, ఆ సరస్సు నీరు ఉప్పుటేరు గుండా కడలిలో కలవాలి. కడలి మట్టం ఎంత పెరిగితే ఆ దారి అంత మందగిస్తుంది.

● సరిహద్దు కాపలాకూ ఈ తీరానికీ లంకె ఉంది. 1977లో మునిగిన నాగాయలంక దగ్గరే తలపెట్టిన క్షిపణి పరీక్షా కేంద్రానికి ప్రధాని 2025 మే 2న అమరావతి నుంచి శంకుస్థాపన చేశారు. సైన్యానికి రాత్రిపూట చూపునిచ్చే పరికరాలు బందరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ తయారుచేస్తుంది. దాని మూలం 1926లో అక్కడే మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ.

● సముద్రమే లేని హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది. నీటి వేడి, అందులోని పచ్చదనం ఉపగ్రహాలతో చూసి చేపలు ఎక్కడ దొరకవచ్చో బందరు దగ్గరి గిలకలదిండి బోట్లకు చెప్పేది, అలల హెచ్చరిక ఇచ్చేది అదే. 2007 నుంచి సునామీ హెచ్చరికలూ అక్కడి నుంచే.

● కృష్ణా అభయారణ్యంలోని మడ అడవుల్లో నీళ్లలో దూకి చేపలు పట్టే బావురుపిల్లి బతుకుతుంది. ఆ మడ వేర్లు ఉప్పెన వేగాన్ని తగ్గిస్తాయి, మిగిలిన కాస్త ఒండ్రునూ పట్టి ఉంచుతాయి. పాడైన చోట మడను మళ్లీ పెంచడానికి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వుతారు. పోటుకు నీరు వాటిలోకి ఎక్కుతుంది, ఆటుకు దిగిపోతుంది. ఆ గట్ల మీద నాటిన మొక్కలు వేళ్లూనుకుంటాయి.