అందరి చెరువులాంటి ఓపెన్ సోర్స్

మన దాతలు మమ్మల్ని తరచూ అడిగే మాట ఒకటుంది. "కంప్యూటర్ సైన్సు చదివే పిల్లలకు ఫీజు కట్టాం. మళ్లీ ల్యాప్‌టాప్ ఎందుకు? రాత్రిళ్లు కూర్చుని జీతం రాని పని చేయడమేమిటి?" న్యాయమైన ప్రశ్నే. మాకు తెలిసినంతలో వివరిస్తాం.

ఫోనులో మనం చూసే యాప్‌ల కింద, కంటికి కనిపించని పునాది ఒకటుంటుంది. మెమరీని పంచడం, ప్రాసెసర్ ఏ పని ముందు చేయాలో చెప్పడం, ఫైళ్లను భద్రపరచడం దాని బాధ్యత. ఆ పునాదిని రాయడమే సిస్టమ్స్ ప్రోగ్రామింగ్. ఇందులో చిన్న పొరపాటు జరిగినా యంత్రమంతా ఆగిపోవచ్చు.

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అలాంటి పునాదినే రాసి, లినక్స్ కోడ్‌ను అందరి ముందు పెట్టాడు. నేటి ఆండ్రాయిడ్ ఫోన్లు దాని మీదే నడుస్తున్నాయి. తెలుగులో పనిచేసే లినక్స్‌ను హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తయారుచేసింది.

దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. కరువు సీమవాళ్లం కనుక మనకిది సులువుగా అర్థమవుతుంది. ఊరి చెరువు నీళ్లు అందరివీ. పూడిక తీసే బాధ్యతా అందరిదీ. విద్యార్థి కూడా అంతే. కోడ్‌లో ఒక తప్పు కనిపెట్టి, సరిచేసి, పరీక్షించి, నిర్వాహకులకు పంపుతాడు. వాళ్లు లోపాలు చెప్పి తిప్పి పంపుతారు. మళ్లీ దిద్దుతాడు. అంగీకరిస్తే ఆ మార్పు అతని పేరుతో శాశ్వతంగా నమోదవుతుంది. ఉద్యోగమిచ్చేవారు ఎక్కడినుంచైనా చూడవచ్చు. సిఫారసు చేసేవారు లేని ఇంటి పిల్లలకు ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ వంటి పథకం 2005 నుంచి ఇలాంటి పనికి భృతి కూడా ఇస్తోంది.

దీనికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. తేలికైన లినక్స్ వేస్తే పాత ల్యాప్‌టాప్ కూడా నేర్చుకోవడానికి సరిపోతుంది. కొరత ఆ యంత్రానికీ, ఇంటర్నెట్‌కూ. వేరుశనగ చేతికి రాని ఏడు ఇంట్లో ముందుగా ఆగేది రీచార్జే. దాంతో పిల్లల సాధన కూడా సగంలోనే నిలిచిపోతుంది.

కాబట్టి దాతలకు మా మనవి ఇది. మీ ఇంట్లోనో, దుకాణంలోనో మూలపడిన ల్యాప్‌టాప్ ఉంటే పాత సామానుకు వేయకముందు ఒక్కసారి మాకు కబురు చేయండి. ఒక విద్యార్థి ఏడాది రీచార్జి భారం మోయగలిగితే అదీ గొప్ప సాయమే.