పండుగనాడు పొట్టకూ హక్కుంది

నెల రోజులు రోజాలుండి ఆకలిని అదుపులో పెట్టుకున్న మనం, రంజాన్ పండుగనాడు ఒక్కపూటలో ఆ అదుపు వదిలేస్తాం. పొద్దున ఇంటింటా షీర్ ఖుర్మా, మధ్యాహ్నం బిర్యానీ. సాయంత్రానికి కడుపుబ్బరం, పుల్లని త్రేన్పులు. పగలంతా ఖాళీగా ఉండటానికి అలవాటుపడిన జీర్ణకోశం నెయ్యి, మాంసాల బరువును ఒక్కసారిగా మోయలేదు.

దైవప్రవక్త (సఅసం) ఈదుల్ ఫిత్ర్ నమాజుకు బయలుదేరే ముందు బేసి సంఖ్యలో ఖర్జూరాలు తినేవారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. కడుపులో మూడోవంతు ఆహారానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు ఊపిరికి చాలునన్నదీ ఆయన బోధే.

కనుక ఏ ఇంటికి వెళ్ళినా రెండు చెంచాలతో సరిపెడదాం. బిర్యానీ తిన్నాక కాస్త నడుద్దాం. "ఇంకొంచెం" అని బలవంతపెట్టడం మర్యాద కాదు. చక్కెర జబ్బున్న పెద్దలకు అది హాని. ఆ వాటాను పండుగ వంట లేని ఇంటికి పంపుదాం. దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు.