రాయి మింగిన వెలుగు

పల్నాడులోని కోటప్పకొండ మీద నిలబడి చూస్తే పైరు పచ్చగా, బీడు గోధుమరంగులో కనిపిస్తాయి. ఆ పచ్చదనంలో ఏది మిరపో, ఏది పత్తో, ఏ చేను వడలిపోతోందో అంత ఎత్తు నుంచి కంటికి అందదు. మన కన్ను వెలుగును ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వాటాలుగానే అందుకుంటుంది. ఆ వెలుగునే నాలుగు వందలకు పైగా సన్నటి పట్టీలుగా విడదీసే కెమెరా ఒకటి 2015 డిసెంబరులో మన దేశం మీద ఎగరడం మొదలుపెట్టింది. పేరు అవిరిస్-ఎన్‌జీ. కెమెరా నాసాది, మోసిన బి-200 విమానం ఇస్రోది.

ఈ యంత్రం పుట్టింది ఖనిజాల వేటలో. 1980ల తొలినాళ్ళలో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో అలెగ్జాండర్ గోట్జ్ బృందం 128 పట్టీల తొలి పరికరాన్ని విమానానికెక్కించింది. నెవాడా ఎడారిలో క్యూప్రైట్ అనే చోట దానికి ఒక వింత గుర్తు దొరికింది. అక్కడి రాయి తెచ్చి పరీక్షిస్తే బడింగ్టనైట్ అనే ఖనిజమని తేలింది. చూపుకు మామూలు రాయే. ఎంత అనుభవమున్న భూగర్భ శాస్త్రవేత్తయినా దాటిపోయేదాన్ని గాలిలోంచి పట్టుకోవడం నా దృష్టిలో ఈ యంత్రం చరిత్రలో గొప్ప ఘట్టం. 1987లో 224 పట్టీల అవిరిస్ వచ్చింది. అవిరిస్-ఎన్‌జీ దాని వారసురాలు.

కిటుకంతా పదార్థంలోనే ఉంది. ప్రతి పదార్థమూ సూర్యకాంతిలో తనకు నప్పిన తరంగాలను మింగి, మిగతావి తిప్పి పంపుతుంది. ఆకులోని పత్రహరితం 680 నానోమీటర్ల దగ్గర ఎర్ర వెలుగును మింగేస్తుంది. 700 దాటగానే ఆకు వెలుగును ఒక్కసారిగా వెనక్కి చిమ్ముతుంది. మొక్క నీరసిస్తే, వెలుగు ఒక్కసారిగా పెరిగే ఆ మెట్టు పక్కకు జరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది.

పల్నాడుకు దీనితో పని ఎంతో ఉంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, మాచర్ల నాపరాళ్ళకు, సిమెంటు ఫ్యాక్టరీలకు మూలం ఇక్కడి సున్నపురాయి. అందులో మెగ్నీషియం ఎక్కువైతే సిమెంటుకు పనికిరాదు. శుద్ధమైన కాల్సైట్ 2,340 నానోమీటర్ల దగ్గర వెలుగును మింగితే, మెగ్నీషియం కలిసిన డోలమైట్ 2,320 దగ్గర మింగుతుంది. తేడా 20 నానోమీటర్లే. ఈ కెమెరా ప్రతి 5 నానోమీటర్లకూ ఒక కొలత తీసుకుంటుంది కాబట్టి రెంటినీ విడదీయగలదు.

మిరప సంగతి ఇంత తేలిక కాదు. 2021లో నల్ల తామర పురుగు తోటలను పీల్చేసిన తీరు ఇక్కడి రైతు మరిచిపోడు. ఆకు నీరసించిందని యంత్రం చెబుతుంది. పురుగువల్లా, తెగులువల్లా, నీటెద్దడివల్లా అన్నది చేలోకి దిగి చూసినవాళ్ళే తేల్చాలి. అందుకే విమానం ఎగిరే వేళకు కింద కొందరు చేతి పరికరాలతో అదే ఆకును, అదే మట్టిని కొలుస్తారు. ఆ కొలతలు లేకపోతే పైనుంచి వచ్చిన లెక్కను నమ్మడానికి ఆధారం తక్కువ.

2016 మార్చి దాకా సాగిన విమాన సర్వే తొలి విడతలో దేశంలో 57 చోట్లను చిత్రించారు. తర్వాత 2018 నవంబరు 29న శ్రీహరికోట నుంచి, ఇలాగే వెలుగును సన్నటి పట్టీలుగా విడదీసే ఇస్రో హైసిస్ ఉపగ్రహం పైకెళ్ళింది. దాని చిత్రంలో ఒక్కో చుక్క 30 మీటర్ల చదరం, అంటే సుమారు 22 సెంట్లు. విమానం నుంచి నాలుగు మీటర్ల చుక్క వస్తుంది, అరసెంటు కూడా ఉండదు. ఎకరం, రెండెకరాల కౌలు రైతుకు ఉపయోగపడేది ఆ చిన్న చుక్కే. కాపు నిలిచే డిసెంబరు, జనవరిలో ఆకాశం కూడా తేటగా ఉంటుంది. అప్పుడు ఈ చేల మీద విమానం ఎగరాలి, కింద లాం ఫారం మిరప శాస్త్రవేత్తలు రైతులతో కలిసి గట్ల వెంట నడవాలి.