యాన్సన్ డోరన్స్

యాన్సన్ డోరన్స్ (జననం: 1951 ఏప్రిల్ 9) అమెరికాకు చెందిన కళాశాల ఫుట్‌బాల్ (సాకర్) శిక్షకుడు. ఇతడు బొంబాయిలో (నేటి ముంబై) జన్మించాడు. తాను చదివిన నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలోనే 1977లో పురుషుల జట్టుకు, 1979లో కొత్తగా ఏర్పడిన మహిళల జట్టుకు శిక్షకుడయ్యాడు. కళాశాల మహిళలకు అప్పటికి అధికారిక జాతీయ పోటీలు లేవు. అవి 1981లో మొదలవగా తొలి విజయం ఇతని జట్టుదే. 2012 నాటికి ఆ జట్టు 22 జాతీయ టైటిళ్ళు సాధించింది. వీటిలో 1986 నుండి 1994 వరకు వరుసగా గెలిచినవి 9. అదే కాలంలో అమెరికా మహిళల జాతీయ జట్టుకు కూడా శిక్షణనిచ్చాడు. 1991లో చైనాలో జరిగిన మొదటి మహిళల ప్రపంచ కప్ ఫైనలులో ఆ జట్టు 2-1 తేడాతో నార్వేను ఓడించింది. మియా హామ్, క్రిస్టీన్ లిల్లీ ఇతని శిష్యురాళ్ళు. 2024 ఆగస్టులో పదవీ విరమణ చేశాడు. అదే ఏడాది డిసెంబరులో నార్త్ కరోలినా జట్టు మరల విజేతగా నిలిచింది.