ఆరో మెట్టున తప్పిన లెక్క

రెండును ముప్పై రెండుసార్లు వేసి గుణించి, వచ్చిన లబ్ధానికి ఒకటి కలిపితే 429,49,67,297 వస్తుంది. పదిహేడో శతాబ్దపు ఫ్రాన్సులో న్యాయాధికారిగా పనిచేస్తూ తీరిక వేళల్లో గణితం సాధన చేసిన పియెర్ ది ఫెర్మా, 1640 నాటి లేఖల్లో ఈ సంఖ్య ప్రధాన సంఖ్య అని, అంటే ఒకటీ తానూ తప్ప మరే సంఖ్యా దీన్ని నిశ్శేషంగా భాగించదని భావించాడు. 2 ఘాతాంకాన్ని 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ పోయి, ప్రతిసారీ ఒకటి కలిపితే వచ్చే 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధానాలే కావడంతో, ఆరోదైన ఈ సంఖ్యా దీని తరువాతివీ అలాగే ఉంటాయని ఆయన నమ్మాడు. ఋజువు మాత్రం తన దగ్గర లేదని దాచకుండా చెప్పాడు.

1729లో గణితవేత్త గోల్డ్‌బాక్ రాసిన లేఖ ద్వారా ఈ ప్రశ్న తోటి గణితవేత్త ఆయిలర్ దృష్టికి వచ్చింది. ఆ ఆరో సంఖ్య 641, 67,00,417ల లబ్ధమని ఆయన 1732లో చూపడంతో ఫెర్మా ఊహ వీగిపోయింది. గుడ్డిగా వెతికితే 65,536 లోపున్న 6,542 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూడవలసి రావచ్చు. కానీ దీని భాజకం ఏదైనా 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువగానే ఉండాలని తరువాత ఆయిలరే నిరూపించాడు. ఆ షరతుకు లోబడే ప్రధానాలు 193, 257, 449, 577, 641 అనే క్రమంలో వస్తాయి కనుక, ఐదో భాగహారంతోనే పని ముగుస్తుంది. ఆ నియమానికి ఆధారం ఫెర్మా పేరుతోనే ప్రసిద్ధమైన మరో సిద్ధాంతం కావడం విడ్డూరమే.

అసలు ఆ పెద్ద భాగహారం చేయకుండానే 641 దీన్ని భాగిస్తుందని తేల్చవచ్చు. 640 అంటే 5 × 2⁷. అది 641 కంటే ఒకటి తక్కువ కనుక, దాని నాలుగో ఘాతమైన 625 × 2²⁸ను 641తో భాగిస్తే శేషం 1 వస్తుంది. మరోవైపు 625 అనేది 641 కంటే 16 తక్కువ కాబట్టి, శేషాల లెక్కలో దాని స్థానంలో −16 వేసుకోవచ్చు. 16ను 2²⁸తో గుణిస్తే 2³² అవుతుంది గనుక, −2³²కు కూడా శేషం 1 అని తేలుతుంది. అంటే 2³²కు ఒకటి కలిపితే శేషం మిగలదు.

ఇది ప్రధానం కాదనడానికి వేరే సాక్ష్యమూ ఉంది. ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే ఒకే విధంగా రాయగలం. ఈ సంఖ్య 65,536, 1ల వర్గాల మొత్తమే కాక, 62,264, 20,449ల వర్గాల మొత్తం కూడా.

దీని కంటే రెండు తక్కువైన సంఖ్య, ఆశ్చర్యకరంగా, ముందున్న ఐదు ప్రధానాల లబ్ధం. పదిహేడు సమాన భుజాల బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయవచ్చని 1796లో గణితవేత్త గౌస్ కనుగొన్న మార్గం ఈ ప్రధానాలతోనే ముడిపడి ఉంది. అందువల్ల అలా గీయగల బేసి భుజాల బహుభుజుల్లో ఇప్పటికి తెలిసిన అతి పెద్దదానికి 429,49,67,295 భుజాలుంటాయి, దాన్ని కాగితం మీద గీయడం మాత్రం ఎవరి తరమూ కాదు.

ఫెర్మా వరుసలో ఆరో సంఖ్య నుంచి ముప్పై మూడోదాని వరకు ఒక్కటీ ప్రధానం కాదని తేలింది. సుమారు 258 కోట్ల అంకెలున్న ముప్పై నాలుగోది ప్రధానమో కాదో ఇంకా తేలలేదు.