అలవాటా? పుట్టుకా?

'క్రిములు మందుకు అలవాటు పడిపోయినవి' అనే మాట నేడు వైద్యశాలల్లోనూ ఇండ్లలోనూ తరచుగా వినవస్తూ ఉంటుంది. తరగతిగదిలో సైతం అది నిరాటంకంగా చెల్లుబడి అవుతున్నది. మనిషి చలికి అలవాటు పడినట్లే సూక్ష్మజీవి కూడ మందును చవిచూచి, చవిచూచి, దానిని తట్టుకొనడం నేర్చుకొన్నదని ఆ మాటకు భావం. చెప్పడానికి సులభంగా, వినడానికి సమంజసంగా ఉన్న ఈ మాటలో నిజమెంతో తేల్చడానికి ఒక వైద్యుడూ ఒక భౌతికశాస్త్రవేత్తా చేతులు కలుపవలసి వచ్చినది.

వైద్యుడు సాల్వడోర్ లూరియా. 1912లో ఇటలీలోని ట్యూరిన్ నగరంలో యూదు కుటుంబాన జన్మించి, అక్కడనే వైద్యపట్టం పొందినాడు. చికిత్సకంటె పరిశోధనపై మక్కువ హెచ్చి రోము నగరంలో భౌతికశాస్త్రం అభ్యసించినాడు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులపై జాతిశాసనాలు విధించగా పారిస్ చేరినాడు. 1940లో జర్మను సేనలు ఆ నగరంపైకి రాగా సైకిలెక్కి దక్షిణానికి పారిపోయి, ఆ సంవత్సరమే అమెరికా గడ్డపై కాలు మోపినాడు.

భౌతికశాస్త్రవేత్త మాక్స్ డెల్‌బ్రూక్. 1906లో బెర్లిన్‌లో జన్మించి, ఖగోళశాస్త్రంతో చదువు ఆరంభించి సైద్ధాంతిక భౌతికశాస్త్రానికి మరలినవాడు. 1932లో నీల్స్ బోర్ వెలుగును గూర్చి, జీవమును గూర్చి కోపెన్‌హాగన్‌లో చేసిన ప్రసంగం అతని మనస్సును జీవశాస్త్రం వైపు త్రిప్పినది. 1937లో అతడును అమెరికా చేరినాడు. 1940 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో జరిగిన భౌతికశాస్త్రజ్ఞుల సభలో ఇరువురూ కలుసుకొన్నారు. ఇద్దరినీ ఆకర్షించిన ప్రశ్న ఒక్కటే.

సూక్ష్మజీవులకు కూడ శత్రువులున్నవి. బాక్టీరియా కణంలో ప్రవేశించి దానిని చీల్చివేసే వైరసులను ఫాజ్‌లంటారు. మన ప్రేవులలో నివసించే ఇ. కోలై అనే బాక్టీరియాను గాజుపళ్లెంలో ఫాజ్‌లతో కలిపితే దాదాపు సమస్తమూ నశిస్తుంది. అయితే కోట్ల కణాలలో ఏ కొన్నియో బ్రతికి బట్టకడతవి. వాటి సంతతి కూడ ఆ ఫాజ్‌కు లొంగదు. ఈ నిరోధశక్తి వాటికి ఎక్కడనుండి వచ్చినది? ఫాజ్ తాకిడి తగిలిన పిదప ఆ కణాలు దానిని సంపాదించుకొన్నవా? లేక ఫాజ్ ముఖం చూడకముందే, కణం రెండయ్యే వేళ యాదృచ్ఛికంగా కలిగిన మార్పు వలన అది పుట్టుకతోనే సంక్రమించినదా? పళ్లెం చూస్తే రెండింటికీ దృశ్యం ఒక్కటే. నిరోధశక్తి గల కణమేదో తెలియాలంటే ఫాజ్‌ను ప్రయోగింపక తప్పదు; ప్రయోగించిన పిదప అంతకుముందటి కథ చెప్పే సాక్షి మిగలదు. బాక్టీరియాకు జన్యువులున్నవా అన్నదే ఆనాడు చాలమందికి సందేహం.

1943 తొలినాళ్లలో లూరియా ఇండియానా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా చేరినాడు. ఒక రాత్రి అధ్యాపకుల నృత్యవినోదంలో సహోద్యోగి ఒకడు జూదపు యంత్రంలో నాణెం వెంట నాణెం వేస్తున్నాడు. చాలమట్టుకు నష్టమే కలుగుతున్నది. ఉన్నట్టుండి యంత్రం గలగలమని నాణేలు కుమ్మరించినది. చూస్తున్న లూరియాకు చటుక్కున ఒక ఊహ మెరిసినది. ఎంత రాబడి వచ్చినదన్నది ఒక లెక్క. అది ఏ తీరున వచ్చినదన్నది వేరొక లెక్క. తన ప్రశ్నకు జవాబు ఈ రెండవ లెక్కలో ఉన్నదని అతడు గ్రహించినాడు.

ఒకే మాదిరి గొట్టాలు కొన్ని తీసుకొని, ఒక్కొక్క దానిలో కొద్దిపాటి బాక్టీరియాను వేసి విడివిడిగా పెంచాలి. అవి కోట్లకు పెరిగిన పిదప ఒక్కొక్క గొట్టాన్ని ఒక్కొక్క పళ్లెంలో ఫాజ్‌లతో కలపాలి. ఫాజ్ తాకిన తరువాతనే నిరోధశక్తి కలుగుతుందనుకొందాం. అప్పుడు ప్రతి పళ్లెంలోనూ బ్రతికినవాటి సంఖ్య ఇంచుమించు సమానంగా ఉండాలి. వాకిట పరచిన పలకలపై వానచినుకులు పడినట్లు కొద్దిపాటి హెచ్చుతగ్గులే కనిపించాలి. ముందుగానే మార్పు కలుగుతుందంటే కథ వేరు. వంశంలో ముత్తాత నాడే మార్పు వస్తే అది మునిమనుమలందరికీ దక్కుతుంది. నిన్న పుట్టిన బిడ్డలో వస్తే ఆ ఒక్కరితో సరి. అట్లే ఏదో ఒక గొట్టంలో తొలితరాలలో మార్పు కలిగితే అందులో నిరోధకకణాలు వందకు మించవచ్చు. చాల గొట్టాలలో ఒక్కటియు ఉండకపోవచ్చు.

వారు ప్రకటించిన ప్రయోగాలలో ఒకదాని ఫలితం చూడదగినది. విడివిడిగా పెంచిన 20 గొట్టాలలో 11 పూర్తిగా శూన్యం. ఆరింటిలో 1 నుండి 6 వరకు కనిపించినవి. మిగిలిన మూడింటిలో 35, 64, 107. సరిపోల్చడానికి ఒకే పెద్దపాత్రలో పెంచిన బాక్టీరియాలోనుండి 10 పాళ్లు తీసి చూడగా, అన్నియు 13కూ 26కూ నడుమనే ఉన్నవి. కొలతలోగాని, ఫాజ్‌లోగాని దోషం లేదని ఈ రెండవ వరుస సాక్ష్యమిచ్చినది. మొదటి వరుస జూదపు యంత్రం రాబడిని పోలి ఉన్నది. ఫాజ్ ఎవరికీ ఏమీ నేర్పలేదు. ముందే ఉన్నవాటిని మిగిల్చినది.

లూరియా ఈ ఊహను డెల్‌బ్రూక్‌కు వ్రాసి తెలుపగా, అతడు దానికి గణితసిద్ధాంతం సమకూర్చినాడు. ఎంత కాలానికి ఎంత మార్పు జరుగుతుందో గొట్టాల లెక్కనుబట్టి గణించే మార్గం చూపినాడు. ఇరువురి పేర్లతో ఆ వ్యాసం 1943లోనే వెలువడినది. ప్రయోగం లేనిదే గణితానికి పని లేదు. గణితం లేనిదే ఆ శూన్యాలు, ఆ 107, చేతికందిన వట్టి అంకెలుగా మిగిలిపోయేవి. 1969లో ఆల్ఫ్రెడ్ హెర్షీతో కలిపి వారికి వైద్యరంగపు నోబెల్ బహుమానం లభించినది. 1984లో లూరియా తన ఆత్మకథ పేరులో ఆ జూదపు యంత్రానికి చోటిచ్చి ఋణం తీర్చుకొన్నాడు.

లెక్క ద్వారా వచ్చిన ఈ నిర్ణయాన్ని 1952లో లెడర్‌బర్గ్ దంపతులు, జాషువా, ఎస్తర్, కంటికి కట్టించినారు. బాక్టీరియా పెరిగిన పళ్లెంపై ముఖమలు గుడ్డను అద్ది, ఆ గుడ్డనే స్ట్రెప్టోమైసిన్ మందు గల పళ్లెంపై అద్దినారు. మందుపళ్లెంలో ఏ చోట కణాలు బ్రతికినవో, మొదటి పళ్లెంలో సరిగా ఆ చోటనే వెదకినారు. మందు సోకని ఆ మూలపళ్లెంలోనే మందుకు లొంగని కణాలు దొరకినవి.

దీనితో సమస్తమూ తేలిపోయినదని కాదు. బాక్టీరియాలు తమ నిరోధకజన్యువులను ఒకదానికొకటి అందించుకొనగలవని తరువాత తెలిసినది. పెరుగు తయారీలో వాడే ఒక బాక్టీరియా తనపై దాడి చేసిన ఫాజ్‌నుండి ఒక తునకను తన జన్యుపదార్థంలో దాచుకొని, అటుపై ఆ ఫాజ్‌ను అడ్డుకొంటుందని 2007లో రుజువైనది. అనుభవంనుండి సంపాదించే మార్గం కూడ ప్రకృతిలో కొంత ఉన్నదన్నమాట. ఐనను 1943 నాటి గొట్టాల సాక్ష్యం చెక్కుచెదరలేదు. దాని పరిధి ఎంతవరకో స్పష్టమైనది.

ఈ వివేచన పండితుల వినోదం మాత్రమే కాదు. అలవాటే కారణమైతే, మందు మార్చి మార్చి వాడితే చాలునన్న ధైర్యం కలుగవచ్చు. పుట్టుకే కారణమైతే, అవసరం లేకుండ మ్రింగిన ప్రతి మాత్రా లొంగే క్రిములను తుడిచిపెట్టి, లొంగని కొద్దిపాటి క్రిములకు పొలమంతా అప్పగించినట్లే. వైరసు వలన వచ్చే జలుబుకు బాక్టీరియాను చంపే మందు తిన్నవాని దేహంలోనూ ఈ ఏరివేత జరుగుతూనే ఉంటుంది.

కాబట్టి ఉపాధ్యాయుడు తరగతిలో 'అలవాటు పడినవి' అనే మాటకు బదులు 'లొంగనివి మిగిలినవి' అని చెప్పగలిగితే మేలు. ఆ గంటలోనే గణితం ఉపాధ్యాయుని కూడ పిలిచి, పదిమంది పిల్లలచేత పదేసిసార్లు నాణెం ఎగురవేయించి, వచ్చిన బొమ్మల లెక్కలో హెచ్చుతగ్గులను నల్లబల్లపై వ్రాయిస్తే, సగటు చెప్పని సంగతిని హెచ్చుతగ్గులు ఎట్లు చెప్పగలవో పిల్లలకు కొంత బోధపడుతుంది.