పైరు నల్లబడినచో పంట పెరుగునా?

వరి మడి ఒడ్డుమీద నిలిచి "పైరు నల్లగ ఉన్నది, ఇగ ఢోకా లేదు" అను మాట చిట్యాల ప్రాంతమున ఏ ఊరిలోనైనను వినవచ్చును. నల్లగ అనగా ముదురు ఆకుపచ్చగ నున్నదని అర్థము. తన మడి పక్క మడికన్న కొంచెము లేతగ కనబడినచో ఆ రైతునకు ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లవారగనే యూరియా బస్తాకొరకు బయలుదేరును. ఈ నమ్మకము పూర్తిగ అబద్ధమైనచో ఇన్నేండ్లు నిలిచెడిది కాదు. ఇందులో సగము నిజమున్నది. ఆ సగమును చూచియే తక్కిన సగమును కూడ నమ్ముచున్నాము.

ఆ నిజమేమో ముందు చూతము. ఆకునకు రంగునిచ్చు పత్రహరితము తయారగుటకు నత్రజని కావలెను. నత్రజని చాలని పైరు పాలిపోవును. అందునను ముదురు ఆకులు, అనగా క్రింది ఆకులు, ముందుగ పసుపుబారును. అట్టి పైరునకు యూరియా చల్లినచో కొలది దినములలోనే తేరుకొనుట మీరందరు చూచినదే. అయితే "కొంచెము వేసిన ఇంత మేలు జరిగినది గదా, ఇంకొక బస్తా వేసిన ఇంకెంత జరుగునో" అనుకొనుటతో చిక్కు మొదలగును. పైరునకు చాలినంత నత్రజని అందిన తరువాత, పైన వేసినదంతయు గింజలోనికి పోదు. అది ఆకును వెడల్పుగను, మెత్తగను చేసి వంగునట్లు చేయును. పై ఆకులు వంగి క్రింది ఆకులకు ఎండ తగలనీయవు. ఎండ తగలని ఆకు పిండిపదార్థమును తయారు చేయలేదు, తన బ్రతుకునకు మాత్రము కావలసినది వాడుకొనును. ఇంటిలో సంపాదన లేక తినువారు పెరిగినట్లే యగును. కంకి వేయని వట్టి పిలకలు ఎక్కువగును, కోత ఆలస్యమగును, గాలివాన వచ్చిన పైరు పడిపోవును, నూర్చినప్పుడు పొల్లు ఎక్కువగ వచ్చును. నల్లని పైరు గడ్డి బాగుగ ఇచ్చుననుట నిజమే. ధాన్యము మాట వేరు.

నష్టము ఇంతతో ఆగదు. నత్రజని మితిమీరిన మొక్క కాండము మెత్తబడి, దాని రసములో పురుగునకు ఇష్టమైన పోషకములు పెరుగును. గుబురైన దుబ్బు మొదట గాలి ఆడక తేమ నిలుచును. సుడిదోమకు, పాముపొడ తెగులునకు ఇంతకన్న అనువైన ఇల్లు లేదు. అగ్గితెగులు, ఆకుముడత పురుగు కూడ ముందుగ నల్లని మడులనే వెదకుకొని వచ్చును. బాపట్ల పరిశోధన స్థానమునుండి 1986లో విడుదలయైన సాంబ మషూరి (బి.పి.టి. 5204) అన్నమునకు ఎంత మంచిదో అగ్గితెగులునకు అంత లోకువ. దానికి యూరియా ఎక్కువ వేయుట తెగులును పిలిచి పీట వేయుటయే. 2015లో విడుదలయైన తెలంగాణ సోన (ఆర్.ఎన్.ఆర్. 15048) అగ్గితెగులును తట్టుకొను గుణము కలది, అంతమాత్రమున సుడిదోమను కూడ తట్టుకొనునని తలపరాదు.

ఇక లెక్క చూడుడు. వానాకాలపు వరికి మన ప్రాంతమున ఎకరమునకు 40 నుండి 48 కిలోల నత్రజని చాలును. యూరియాలో నూటికి 46 పాళ్ళు నత్రజని. 2018 నుండి బస్తా తూకము 45 కిలోలు గనుక బస్తాకు 20 కిలోల 700 గ్రాముల నత్రజని వచ్చును. మీరు నాటునకు ముందు వేయు డి.ఎ.పి. బస్తాలో కూడ 9 కిలోల నత్రజని కలదు. దీనిని చాలమంది లెక్కలోనికి తీసికొనరు. ఒక డి.ఎ.పి., రెండు యూరియా వేసిన రైతు అప్పటికే 50 కిలోలు వేసినవాడగును. మూడవ యూరియా బస్తాతో 71 కిలోలు, నాలుగవ దానితో 91 కిలోలు దాటును. నాలుగు బస్తాలు వేయువారు లేరని మీరు చెప్పగలరా?

ఎరువులలో యూరియా చౌక యగుట దీనికి ఒక కారణము. 2010 ఏప్రిలు నుండి భాస్వరము, పొటాషు ఎరువుల సబ్సిడీ పద్ధతి మారి వాటి ధరలు పెరిగినవి. యూరియా ధర మాత్రము ప్రభుత్వ నిర్ణయముననే యుండి పెద్దగా కదలలేదు. చౌకగ దొరకినది ఎక్కువగ వాడుట లోక సహజము. మరియొక కారణము మన మాటలోనే యున్నదని నాకు తోచును. ఎరువును "మందు" అందుము, పురుగులను చంపు విషమును "మందు" అందుము. మందు పెంచిన గుణము పెరుగునను భావము ఆ పేరుతోనే మనస్సులో చేరుచున్నది. డాక్టరు రెండు గోలీలు వేసికొమ్మన్నచో పది వేసికొను మనిషి లేడు గాని, మడికి వచ్చుసరికి ఆ ఎరుక ఉండదు.

నత్రజనిని ఒక్కసారి గ్రుమ్మరింపక మూడు భాగములు చేసి, ఆఖరి కరిగెటలో ఒకటి, దుబ్బు చేయునప్పుడు ఒకటి, అంకురము దశలో ఒకటి వేయవలెను. నిండు నీటిలో చల్లిన యూరియా నీటివెంట పోవును, కొంత గాలిలో కలియును. చల్లుటకు ముందు నీరు తీసివేసి, పలుచని బురదలో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత నీరు పెట్టుడు. ఎప్పుడు చాలునో కంటితో తేల్చుట కష్టము గనుక ఆకు రంగుల పటము అను చిన్న పట్టిక తయారైనది. లేత పచ్చ నుండి ముదురు పచ్చ వరకు రంగుల పట్టీలు దానిపై నుండును. పూర్తిగ విచ్చుకొన్న పై ఆకును ఆ పట్టీలతో పోల్చవలెను. మడిలో ఒక్క మొక్కను గాక పది మొక్కలను చూడవలెను. చూచునప్పుడు ఆకుపై ఎండ పడకుండ మీ నీడ పడునట్లు నిలువవలెను.

పచ్చదనము గూర్చిన ఈ అపోహకు తోడబుట్టినది, పసుపుబారిన ప్రతి పైరు నత్రజని కొరకే ఏడ్చుచున్నదనుట. నాటిన రెండు నుండి నాలుగు వారములలో పైరు గిడసబారి, ఆకు మధ్య ఈనె మొదట పాలిపోయి, ఆకులపై ఇటుక రంగు మచ్చలు కనబడినచో అది జింకు లోపము. దానికి యూరియా ఎన్ని బస్తాలు వేసినను లాభము లేదు. ఉత్తరాదిని హిమాలయముల క్రింది తరాయి నేలలలో వరికి వచ్చిన ఖైరా అను జబ్బును అందరు తెగులే యనుకొనగా, 1966లో పంతనగర్‌లో నెనె అను శాస్త్రవేత్త అది తెగులు కాదు, జింకు లోపమని కనుగొనెను. ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటును ఆఖరి కరిగెటలో వేసినచో రెండు మూడు పంటలకు సరిపోవును. పైరుమీద లోపము కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి ఐదు దినముల ఎడముతో రెండు మూడు సార్లు చల్లవలెను. దీనిని భాస్వరపు ఎరువుతో కలిపి వేయరాదు. రెండింటికి నడుమ రెండు మూడు దినములైన ఎడముండవలెను. భాస్వరము ఎక్కువైన నేలలో జింకు పైరునకు అందదు. పైరు పచ్చబడలేదని దుబ్బు దశలో మరల డి.ఎ.పి. చల్లువారు ఈ మాట గుర్తించవలెను. భాస్వరము వేసిన చోటనే నిలుచును, వేరు దగ్గరకు నడచి రాదు. దానిని నాటునకు ముందు నేలలో కలుపవలెనే గాని పైన చల్లిన వృథా.

పసుపుబారుటకు మరియొక కారణము మడిలో నీరు మురుగుట. వరి నీటి మొక్క, ఎప్పుడును నిండుగ నీరుండవలెనను మాట తాతలనాటిది. వరి నీటిని ఓర్చుకొనును. నీరు నిలువనిదే బ్రతుకదని కాదు. సందేహమున్నచో ఒక దుబ్బును పెరికి, వేళ్ళను కడిగి చూడుడు. తెల్లగనో, తుప్పు రంగుగనో ఉన్నచో వేరు ఆరోగ్యముగ నున్నది. నల్లబడి, కుళ్ళిన గ్రుడ్డు వాసన కొట్టినచో ఆ మడికి కావలసినది యూరియా కాదు. నీరు తీసి, నేల సన్నగ నెఱ్ఱెలు వారువరకు ఆరబెట్టుట చాలును. రూపాయి ఖర్చు లేని వైద్యము గనుకనే కాబోలు, దీనిపై ఎవరికిని గురి కుదరదు.

దీనికి ఎదురు నమ్మకము కూడ ఈ మధ్య బలపడుచున్నది. బస్తా ఎరువంతయు విషమే, పశువుల పెంట ఒక్కటి చాలునని కొందరందురు. పెంట నేలకు ప్రాణము. చెల్క నేలలకు మరియు ముఖ్యము. అయినను టన్ను పెంటలో నత్రజని సుమారు 5 కిలోలు మాత్రమే. 40 కిలోలకు ఎన్ని బండ్లు కావలెనో, అన్ని పశువులు ఊరిలో ఉన్నవో లేవో మీకే తెలియును. రెండును కలిపి వాడుట తప్ప వేరు దారి లేదు.

యూరియా తెచ్చిన పురుగు వెంట స్ప్రేయరు వచ్చును. అక్కడ కూడ "ఎక్కువ చల్లిన పురుగు తక్కువగును" అను నమ్మకమే రాజ్యమేలుచున్నది. ఈ నమ్మకమునకు మన పాత వరంగల్లు జిల్లా చెల్లించిన వెల చిన్నది కాదు. 1997–98లో పత్తిని లద్దెపురుగు ముంచినప్పుడు రైతులు అప్పులు చేసి మందుమీద మందు చల్లిరి. పురుగు చావలేదు, పంట పోయి, అప్పు మిగిలి, అనేకమంది రైతులు అదే మందు త్రాగి ప్రాణములు తీసికొనిరి. అంతకు పదేండ్ల ముందే, 1987లో, కోస్తా జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్ మందులకు లొంగకుండుట కనబడినది. పురుగు మొండికేయుట యనగా ఇది: మందు చల్లిన ప్రతిసారి దానిని తట్టుకొను కొద్ది పురుగులు మిగులును, మరుసటి తరము వాటి పిల్లలే. అదే మందుతో పురుగులను తిను సాలీళ్ళు, అక్షింతల పురుగులు మాత్రము పూర్తిగ నశించును. వరిలో పైరిథ్రాయిడ్ మందులు చల్లిన తరువాత సుడిదోమ తగ్గక పెరుగుట ఇందువలననే. 2021–22లో మిరప పూతలో నల్ల తామర పురుగు పడినప్పుడు దినము విడిచి దినము చల్లినవారి తోటలు కూడ మిగులలేదు.

సుడిదోమకు మందుకన్న ముందు చేయవలసిన పని నాటునాడే యున్నది. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడువవలెను. "అంత జాగ వృథా" అని బాటలు పూడ్చి నాటించువారు తరువాత ఆ జాగకన్న ఎక్కువ పైరును దోమకు అప్పగించుచున్నారు.

ఈ నమ్మకములన్నింటిలో మనిషి ప్రాణము తీయునది ఒకటి కలదు. "నాకు మందు అలవాటే, ఏమియు కాదు" అని కొందరు, ముఖ్యముగ కైకిలికి మందు కొట్టువారు, ఒట్టి చేతులతో మందు కలిపి, గాలికి ఎదురుగ కొట్టుచుందురు. శరీరము విషమునకు అలవాటు పడదు. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు నరముల పనికి కావలసిన ఒక పదార్థమును అణచివేయును. అది మరల పెరుగుటకు వారములు పట్టును. ఈలోగా మరల చల్లినచో నష్టము పాత నష్టముపై పేరుకొనును. నిన్న ఏమియు కాని మనిషి నేడు పడిపోవుట అందుచేతనే. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టినవారు 20 మందికి పైగా చనిపోయిరి. చల్లిన పిదప తలనొప్పి, చూపు మసకబారుట, విపరీతమైన చెమట, నోట నీరూరుట కనబడినచో బట్టలు తీసి సబ్బుతో స్నానము చేయించి, ఇంటి వైద్యములతో కాలము పోగొట్టక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మందు డబ్బాను తప్పక వెంట తీసికొనిపోవుడు. ఏ మందో తెలిసినచో డాక్టరు సరియైన విరుగుడు త్వరగ ఇయ్యగలడు.

యూరియా సంగతిలో నా మాట నమ్ముమని నేను కోరను. వచ్చే నాటులో ఒక మడిలో ఒక గుంట భూమికి చుట్టును చిన్న ఒడ్డు వేయుడు. లేనిచో పక్క మడి ఎరువు నీరు లోపలికి వచ్చును. విత్తనము, నాటిన దినము, నీరు, అడుగు మందు అన్నియు ఒకటే కావలెను. ఆ గుంటకు అడుగు మందు గాక యూరియా మొత్తము 2 కిలోల పావు మించకుండ మూడు సార్లుగ వేయుడు. ఎకరమునకు రెండు బస్తాల లెక్క అంతే. తక్కిన మడికి మీరు ఎప్పటివలె వేసికొనుడు. గుంట లేతగ కనబడును, పక్కవారు నవ్వుదురు, నవ్వనిండు. కోతకు ఆ గుంటను, తక్కిన మడిలో మరియొక గుంటను కొలిచి విడివిడిగ కోయించి, నూర్చి, తూర్పారబట్టి, ఆరబెట్టిన తరువాత తూకము వేయుడు. ధాన్యము ఎంత, పొల్లు ఎంత, రెండింటికి అయిన యూరియా ఖర్చు ఎంత, మందు కైకిలి ఎంత అనునది పుస్తకములో తేదీతో వ్రాసి, యాసంగికి ఎరువు కొనబోవునప్పుడు ఆ పుస్తకమును వెంట తీసికొనిపోవుడు.